అత్తమ్మ తానే చదువుకున్న రిపోర్టు

మా అత్తమ్మ పోయింది. ఇంకా నెల కూడా కాలేదు. ఛత్రినాకలో మా ఇంట్లోనే, పొద్దున నల్లా నీళ్లు వచ్చే వేళకు పోయింది. అమ్మ నల్లా కింద బిందె పెట్టి, ఆమెకు ఇంత జావ తాగిద్దామని గదిలోకి వెళ్లి, "వదినా" అని ఒక్క పిలుపు పిలిచి ఊరుకుంది. రెండో పిలుపు వినబడకపోయేసరికి నేనూ బాపూ లేచి వెళ్లాం. బిందె నిండి నీళ్లు వాకిట్లోకి పారాయి. ఎవరం వెళ్లి కట్టెయ్యలేదు.

ఆ రోజు వచ్చినవాళ్లలో చాలామంది ఒకటే మాట అన్నారు. "పాపం, కండ్లు లేని మనిషి. ఎంత గోస పడ్డదో." నాకు ఒళ్లు మండిపోయింది. శవం పక్కన కూచుని లొల్లి పెట్టుకోకూడదని నోరు మూసుకున్నాను గానీ, ఆమే ఉంటే ఊరుకునేది కాదు. "కండ్లు లేకుంటే పాపమెందుకైతది? నోరు లేకుంటే పాపం" అనేది. ఆమెకు నోరుంది. చాలా ఉంది. ఆ "పాపం" మీది కోపంతోనే ఇది రాయడానికి కూచున్నాను. రాస్తూ రాస్తూ కోపం ఎటు పోయిందో తెలియదు, ఏడుపు వస్తోంది.

ఆమె మా బాపుకు అక్క. చిన్నప్పుడు తట్టు పోసి చూపు పోయిందట. అంధుల బడిలో చదువుకుంది, ఒక ప్రభుత్వ ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరుగా చేరింది, అక్కడే రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. నన్ను మాత్రం పుట్టినప్పటి నుంచీ "కోడలా" అనే పిలిచింది. "నీకు కొడుకే లేడు గదా అత్తమ్మా, నేను కోడలినెట్లయిత?" అని చిన్నప్పుడు అడిగాను. "కొడుకు లేకపోవుడే నీ అదృష్టం పో. అత్త ఉత్తగ దొరికింది" అంది.

రిటైరైనా ఆపరేటరు గొంతు ఆమెను వదల్లేదు. ఇంట్లో ఫోను మోగితే "చెప్పండి" అని ఎత్తేది. గల్లీలో కూరగాయల బండివాడు కేకేసినా కిటికీ దగ్గరికి వెళ్లి "చెప్పండి" అనేది. వాడు "ఏం చెప్పాలమ్మా, టమాటలు" అనేవాడు. ఆమె ఉద్యోగానికి ఆమె పెట్టుకున్న నియమం ఒకటుంది. ఒకరి కాల్ ఇంకొకరికి కలిపితే, అవతల ఎవరూ ఎత్తకపోతే ఆ కాల్ మళ్లీ తన దగ్గరికే రావాలి. అడిగిన మనిషిని మధ్యలో వదిలెయ్యకూడదు. ఆఫీసులో పెద్ద సార్లకు కోపం వచ్చినా ఆమె ఈ నియమం తప్పలేదని బాపు చెప్పేవాడు.

బాపుకు పురానాపూల్ దగ్గర తాళ్లు, గోనెసంచులు అమ్మే దుకాణం. చిన్నప్పుడు అక్కను బస్టాపు దాకా తీసుకెళ్లింది ఆయనే. ఆమెకు వచ్చిన ఉత్తరాలు చదివిందీ ఆయనే. నాకు తెలిసినప్పటి నుంచీ రోజూ పొద్దున దుకాణానికి పోయేముందు అరుగు మీద కూచుని ఆమెకు పేపరు చదివేవాడు. చదవడమంటే ఉన్నదున్నట్టు చదవడం కాదు. తెలిసినవాళ్లెవరైనా పోయిన వార్త ఉంటే ఎగరేసేవాడు. గొడవలు, కొట్లాటలు ఉంటే పేజీ తిప్పేసేవాడు. మధ్యలో తన సొంత కవిత్వం కూడా కొంత కలిపేవాడు.

ఒకసారి ఆయన వెళ్లాక అత్తమ్మ నాతో అంది. "మీ బాపు అబద్ధం సదివేటప్పుడు గొంతు ముద్దపప్పు లెక్క మెత్తగయితది."

"మరి తెలిసి అడుగవేంది?"

"అడిగితే ఏమొస్తది? వానికి నన్ను కాపాడుడంటే ఇష్టం. కాపాడనీ."

అప్పుడు నవ్వాను. ఆ మాటలో ఎంత ఓపిక ఉందో అప్పటికి నాకు తెలియదు.

నేను మాదాపూర్‌లో ఒక కంపెనీలో, బ్రౌజర్ తయారుచేసే జట్టులో పనిచేస్తాను. కళ్లు కనబడనివాళ్లు కంప్యూటర్‌లో మౌస్ వాడలేరు. బాణం ఎక్కడుందో తెలియనప్పుడు మౌస్ ఏం చేసుకోను? వాళ్ల పనంతా కీబోర్డుతోనే. ట్యాబ్ అనే మీట కొడితే పేజీలో ఉన్న తర్వాతి లింకుకో బటన్‌కో వెళ్తారు. అక్కడేముందో స్క్రీన్ రీడర్ అనే ప్రోగ్రాం చదివి చెబుతుంది. కావాలనుకుంటే ఎంటర్ కొడతారు, వద్దనుకుంటే ముందుకు పోతారు. ఏ మీట నొక్కితే ఎక్కడికి పోవాలి, పోయిన చోటి నుంచి వెనక్కి ఎట్లా రావాలి అన్నది ఎవరో ఒకరు కూచుని ఆలోచించి పెట్టాలి కదా. ఆ కూచునే వాళ్లలో నేనొకదాన్ని.

ఈ ఉద్యోగంలో చేరగానే అత్తమ్మకు ఒక ల్యాప్‌టాప్ తెచ్చిచ్చాను. స్క్రీన్ రీడర్‌కు ఆమె ఆ రోజే "వాగుడుకాయ" అని పేరు పెట్టింది. స్క్రీన్ వెలుతురు పూర్తిగా తగ్గించెయ్యమంది. "నాకెందుకే ఈ దీపం? కరెంటు దండుగ" అంది. అసలు సంగతి అది కాదని తర్వాత అర్థమైంది. స్క్రీన్ నల్లగా ఉండేది, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఆమె ఏం చదువుతోందో ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు. బాపు వెనక నిలబడి తొంగి చూసేవాడు.

"ఏం సదువుతున్నవక్కా? మాకేం కనిపిస్తలేదు."

"నాకు ఇన్నేండ్లు కనిపించిందా తమ్మీ? జర ఓపిక పట్టు."

అప్పటిదాకా ఆమెకు వచ్చిన ప్రతి కాగితం ముందు ఇంకొకరి కళ్ల కింద పడి, ఆ తర్వాతే ఆమె దాకా వచ్చింది. ఎవరికీ తెలియకుండా తన మానాన తాను చదువుకోవడం అంటే ఏమిటో ఆమెకు అరవై దాటాక తెలిసింది. ఆ సుఖం మరిగాక ఇక వదల్లేదు. పొద్దున బాపు చదివిన పేపరును మధ్యాహ్నం తాను మళ్లీ మొత్తం చదువుకునేది. ఆయన ఎగరేసిన చావులన్నీ చదువుకునేది. ఆయనకు మాత్రం చెప్పేది కాదు.

మేం కొత్తగా ఏది చేసినా ముందు ఆమె మీదే ప్రయోగించేదాన్ని. ఆమె చెప్పిందల్లా వేదమని అనుకోకండి. పేజీ తెరవగానే అందులో ఉన్నవన్నీ వరసగా వినిపించాలని ఒకసారి పట్టుబట్టింది. "నేను వద్దనే దాక చెప్పుకుంట పోవాలె" అంది. సరే అని చేసి ఇంకొందరు అంధులకు ఇస్తే వాళ్లు చెవులు మూసుకున్నారు. ఆ సంగతి చెప్పినందుకు నా మీద అలిగింది. కొన్నాళ్లకు తన ల్యాప్‌టాప్‌లో తనే ఆ వాగుడు తగ్గించుకుంది గానీ ఓడిపోయానని ఒప్పుకోలేదు. "బ్యాటరీ మిగుల్తదని" అంది.

కానీ ఒక విషయంలో ఆమె అన్నదే అందరూ అన్నారు. పేజీ మధ్యలో చిన్న పెట్టె లాంటిది తెరుచుకుని, దాన్ని మూసేశాక, మా బ్రౌజర్ ఆమెను మళ్లీ పేజీ మొదటికి తీసుకుపోయేది. అక్కడి నుంచి అన్నీ దాటుకుంటూ రావాలి. "ఇదేం తరీకనే కోడలా? అవతల ఎవరు ఎత్తకుంటే కాల్ నా దగ్గరికి రావాలె గని, మళ్ల మొదటికెంచి నంబర్ తిప్పుమంటే ఎట్ల?" అని అరిచింది. ఎక్కడి నుంచి పోతే అక్కడికే తిరిగి వచ్చేట్టు దాన్ని మార్చాం. మాకు మస్తు మెచ్చుకోళ్లు వచ్చాయి. ఆమెకు చెబితే, "నాకు ఇరానీ హోటల్ సమోసాలు చాలు" అంది.

నిరుడు బోనాలు అయిపోయాక ఆమెకు తిండి సయించకుండా అయింది. నడుము చుట్టూ నొప్పి. చీర కుచ్చెళ్లు జారిపోతున్నాయని రోజూ పిన్నులు అడిగేది. ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లాం. స్కానింగులు చేశారు, కడుపులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చిన రోజు డాక్టరు ఆమెను కుర్చీలో కూచోబెట్టి బాపును పక్కకు పిలిచాడు. ఇద్దరూ గుసగుసలాడుకున్నారు. ఎవరి ముందు? జీవితమంతా చెవులతో బతికిన మనిషి ముందు! సైగలు చేసుకున్నా సరిపోయేది. ఆమెకు మాటలన్నీ వినబడకపోయినా, గుసగుసలాడుతున్నారని మాత్రం స్పష్టంగా వినబడింది.

మన ఇళ్లలో పెద్ద రోగం వస్తే రోగికి తప్ప అందరికీ చెబుతారు. మేనమామ కొడుక్కి తెలుస్తుంది, కిరాణా దుకాణం సేటుకు తెలుస్తుంది, ఆటోవాడికి తెలుస్తుంది. మంచం మీది మనిషికి మాత్రం గ్యాస్ అని చెబుతారు. మా ఇంట్లోనూ అదే జరిగింది. బాపు నన్ను దుకాణానికి రమ్మని, తాళ్ల చుట్టల మధ్య స్టూలు వేసి కూచోబెట్టి చెప్పాడు.

"కడుపుల క్యాన్సరంట బిడ్డా. మస్తు ముదిరిందంట. ఆపరేషన్ చేసుడు కాదంటున్నరు. అక్కకు తెలువద్దు. తెలిసిందంటే రేపే మంచం పడ్తది."

"ఆమె ఒళ్లు బాపూ అది. ఆమెకే చెప్పకుంటే ఎట్ల?"

"నీకేం తెలుసే? చిన్నప్పటికెంచి ఆమెకు అన్నీ నేనే సదివిన. గిది సదువలేను. నాతోని కాదు." ఆయన తల తిప్పుకుని, కొనేవాడు ఎవరూ లేకపోయినా ఒక తాడు చుట్ట తీసి మళ్లీ చుట్టడం మొదలుపెట్టాడు.

ఆ వారమంతా ఇంట్లో అందరికీ గొంతులు మెత్తబడ్డాయి. అమ్మ "వదినా, జర జావ తాగు, గ్యాస్ తగ్గుతది" అనేది. బాపు గ్యాస్ గోలీలు తెచ్చేవాడు. అత్తమ్మ గోలీ వేసుకుని, నీళ్లు తాగి, "దేవుని దయ, ఎంత మంచి గ్యాసో" అనేది. ఆ వెక్కిరింపు మాకందరికీ అర్థమైంది. అర్థమై కూడా మర్నాడు మళ్లీ అవే గోలీలు ఇచ్చాం.

తర్వాత ఒక పొద్దున, బాపు దుకాణానికి వెళ్లాక, ఆమె నన్ను గదిలోకి పిలిచింది. ల్యాప్‌టాప్ ముందు కూచుని ఉంది.

"కోడలా, ఆస్పత్రోళ్ల పేజీల నా రిపోర్ట్ ఉన్నది. నా ఫోనుకు మెసేజ్ వచ్చింది. నా నంబర్ కొట్టిన, లోపలికి పోయిన. నా పేరు చెప్తున్నది, తారీఖు చెప్తున్నది. రిపోర్ట్ తెరిచే బటనే దొరుకుతలేదు. ట్యాబ్ కొడితే దాన్ని దాటిపోతున్నది."

"బాపును అడుగకపోయినవా?"

"అడిగిన. ఆస్పత్రోళ్ల సైటే పనిచేస్తలేదన్నడు. ముద్దపప్పు."

నేను స్క్రీన్ వెలుతురు పెంచి చూశాను. రిపోర్టు తెరిచే చోట పెద్ద నీలం బొమ్మ ఉంది. మౌస్‌తో నొక్కితే తెరుచుకుంటుంది. కానీ ఆ పేజీ చేసినవాళ్లు దాన్ని బటన్ అని ఎక్కడా చెప్పలేదు. చూసేవాళ్లకు అది తలుపు, కీబోర్డుకు అది గోడ. లోకంలో ఇట్లాంటి పేజీలు కోకొల్లలు. ఆ మధ్య మా జట్టులో దీనికోసమే ఒక పని మొదలుపెట్టాం. బటన్ అని చెప్పకపోయినా మౌస్ నొక్కితే కదిలేవన్నీ బ్రౌజరే వెతికి పట్టుకుని, ట్యాబ్‌కు అందించే ఏర్పాటు. అత్తమ్మ దానికి "తడుముడు" అని పేరు పెట్టింది. అది ఇంకా కాన్పు కాని బిడ్డ. బయటికి ఇవ్వలేదు.

"నాకేమున్నదో నువ్వు చెప్పకు" అంది అత్తమ్మ. "నీకు తెలుసని నాకు తెలుసు. నువ్వు చెప్తే మీ బాపు దగ్గర చెడ్డదానివైతవ్. నాకు చెప్పొద్దు. బటన్ అందియ్యి, గంతే. దారి చూపుడే నీ పని, ఎత్తుకపోవుడు కాదు."

సాయంత్రం బాపు నా ముఖం చూసి కనిపెట్టేశాడు. మిద్దె మీదికి తీసుకెళ్లాడు.

"గా బటన్ ఆమెకు దొరుకొద్దు బిడ్డా. నీ చేతులనే ఉన్నది. నీ కాళ్లు మొక్కుత."

మా బాపు నా కాళ్లు మొక్కుతాననడం! ఆయన చెడ్డ మనిషి కాడు. అరవై ఏళ్లుగా అక్క చేతిని ఏనాడూ విడవని తమ్ముడు. ఆమె లేని రోజు గురించి ఆలోచించలేక, ఆ ఆలోచన ఆమెకు రాకుండా చేస్తే చావే రాదన్నట్టు పట్టుకు వేళ్లాడుతున్నాడు. నేను ఆయనకు మాట ఇవ్వలేదు, కాదనీ అనలేదు. కిందికి దిగి వచ్చేశాను.

నాకు కష్టం ఎక్కడ వచ్చిందంటే, తలుపు మూసేది నేను కాకపోయినా మూసినదాన్ని మూసినట్టు ఉంచేది నేనే అవుతాను. రోజంతా ఆఫీసులో కూచుని ఎక్కడెక్కడి అంధులకో దారులు వేసి, ఇంటికొచ్చి మా అత్తమ్మ దారి కట్టెయ్యాలా? అన్నం తినబుద్ధి కాలేదు. అమ్మ ఏమైందని అడిగితే ఆమె మీద అరిచాను.

మర్నాడు ఇంటి నుంచే పని చేస్తానని ఆఫీసుకు చెప్పాను. మధ్యాహ్నం బాపు దుకాణంలో ఉన్నాడు, అమ్మ పక్కింటికి వెళ్లింది. అత్తమ్మ ల్యాప్‌టాప్‌లో మా కొత్త బ్రౌజర్ వేసి, తడుముడు పనిచేసేట్టు పెట్టాను. ఏ మీట నొక్కాలో చెప్పాను.

"నేనుండాల్నా?"

"వద్దు. తలుపు దగ్గరకేసి పో."

బయట నేల మీద కూచున్నాను. ఆమె ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది కాబట్టి నాకు వాగుడుకాయ గొంతు వినబడదు. మీటల చప్పుడు మాత్రం వినబడుతోంది. నా ఉద్యోగమే అది, ఏ చప్పుడు ఏమిటో నాకు తెలుసు. ట్యాబ్. ట్యాబ్. కొంచెం ఆగి మళ్లీ ట్యాబ్. తర్వాత ఎంటర్. ఎంటర్ ఆమె ఎప్పుడూ గట్టిగానే కొడుతుంది. ఆ తర్వాత కిందికి బాణం మీట, ఒక్కో నొక్కుకు ఒక్కో వరస, మామూలు వేగంతో. పేరు, వయసు, తారీఖు దాటుతోందని అనుకున్నాను. ఉన్నట్టుండి ఆగిపోయింది. కుడి బాణం మొదలైంది. నెమ్మదిగా. ఒకటి. ఇంకొకటి. వాగుడుకాయ ఆమెకు తెలియని మాట ఏదో చదివింది, ఆమె వెనక్కి వెళ్లి ఆ మాటను అక్షరమక్షరం చదివించుకుంటోంది. ఆ మాట ఏమిటో నాకు తెలుసు. ఆస్పత్రివాళ్లు బాపు చేతికిచ్చిన కాగితంలో చూశాను. ఆ ఇంగ్లీషు మాటలో ఎన్ని అక్షరాలున్నాయో అన్నిసార్లు ఆ మీట చప్పుడు నా గుండెల్లో పడింది.

తర్వాత కొత్త పేజీ తెరిచిన చప్పుడు. టైపు చేస్తోంది. ఆ మాటనే, దాని అర్థం వెతుక్కోవడానికి. ఎంటర్. మళ్లీ కిందికి బాణం. చాలాసేపు కిందికి బాణమే. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. లేచి తలుపు తియ్యాలని చేతులు పీకాయి. తియ్యలేదు. తియ్యవద్దని ఆమె చెప్పింది.

చాలాసేపటికి తలుపు తనే తీసింది. ముఖం కడుక్కుని వచ్చింది, ముంగురులు తడిసి ఉన్నాయి. "వాగుడుకాయకు గూడ ఆ మాట పలుకొస్తలేదు" అంది. నేను ఏడుస్తుంటే నా తల తడిమి, "ఏడువకు. నా వార్త, నా చెవులనే ముందు పడ్డది. మొదటిసారి" అంది. తర్వాత ఛాయ్ పెట్టమంది. తాగలేకపోయింది. కప్పు రెండు చేతులతో పట్టుకుని చల్లారేదాకా కూచుంది.

సాయంత్రం బాపు వచ్చాడు. జేబులో గ్యాస్ గోలీలు. అత్తమ్మ అరుగు మీద కూచుని ఉంది.

"తమ్మీ, ఇగ గ్యాస్ గోలీలు తేకు."

బాపు నా వైపు చూశాడు. ఆ చూపు నేను బతికున్నంత కాలం మరిచిపోలేను.

"దాని దిక్కు చూడకు" అంది అత్తమ్మ. ఎట్లా తెలిసిందో! "అదేం చెప్పలేదు. నేనే సదువుకున్న."

"అక్కా, గట్లేం లేదు, డాక్టర్ ఏమన్నడంటే..."

"ఇన్నేండ్లు నాకు మంచి వార్తలే సదివినవ్ రా. పెద్దనాయిన పోయిన్నాడు గూడ ఊరికి పోయిండని సదివినవ్. నేను ఏమన్న అన్ననా? గిది మాత్రం నాది. దీన్ని గూడ నువ్వే మోస్తే, నాకేం మిగుల్తది చెప్పు?"

బాపు ఆమె ఒళ్లో తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె ఆయన వీపు నిమురుతూ, దారిన పోయేవాళ్లు ఆగి చూస్తుంటే, "చెప్పండి" అంది వాళ్లతో. వాళ్లు సిగ్గుపడి వెళ్లిపోయారు.

బాపు నాతో చాలా రోజులు మాట్లాడలేదు. అన్నం దగ్గర కూచుంటే లేచి వెళ్లిపోయేవాడు. నేను చేసింది సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ సరైన పని చేస్తే మనసు తేలికవుతుందని ఎవరన్నారో వాళ్లు మా ఇంట్లో ఆ రోజులు చూడలేదు.

తెలిశాక అత్తమ్మ ఏదో గొప్పగా బతికిందని చెప్పను. భయపడింది. మధ్యాహ్నాలు నిద్రలో ఉలిక్కిపడి లేచేది. దేవుణ్ణి తిట్టేది. కానీ అన్నీ తనే అడిగి తెలుసుకుంది, తనే నిర్ణయించుకుంది. డాక్టరు మందు ఎక్కిద్దామంటే, దాంతో ఎన్నాళ్లు, అది లేకుండా ఎన్నాళ్లు అని ఆయన నోటితోనే చెప్పించుకుని వద్దంది. తనతో పనిచేసిన ఇంకో ఆపరేటరమ్మను పిలిపించుకుని పొద్దుగూకేదాకా ముచ్చట్లు పెట్టుకుంది. ఆసుపత్రికి ఇక పరీక్షలకే వెళ్లేది. ప్రతిసారీ తన రిపోర్టు ముందు తనే చదివి, తర్వాత బాపుకు చెప్పేది. చెప్పేటప్పుడు ఆమె గొంతు కూడా మెత్తబడేదని నాకు అనిపించేది. ఆయన కోసం తనూ కొంత ఎగరేసి చదివేదేమో!

మా తడుముడును మాత్రం తిట్టని రోజు లేదు. "బటన్ బటన్ అంటది, ఏం బటనో చెప్పదు. పేరు లేని మనిషిని ఎట్ల పిలుస్తరే?" అనేది. నిజమే, ఆ బొమ్మకు పేరు లేదు కాబట్టి వాగుడుకాయ ఉత్త "బటన్" అనేది. చుట్టుపక్కల ఉన్న మాటలను చూసి దానికి పేరు పెట్టే పద్ధతి చేశాం. అది పూర్తయ్యేసరికి ఆమె చేతులు వాచాయి, మీటలు నొక్కలేకపోయింది. నేను పక్కన కూచుని ఆమె చెప్పినట్టు నొక్కేదాన్ని. "ట్యాబ్ కొట్టు. ఇంకోటి. ఆగు, ఉరుకుతవెందుకు?" అనేది. కొన్నాళ్లకు అది కూడా మానేసింది. ఏం వినాలని అడిగితే, మీ బాపును పేపర్ సదువుమను అంది. బాపు రోజూ ఆమె మంచం పక్కన కూచుని చదివాడు. అన్నీ చదివాడు. చావులు కూడా.

ఆ ఆస్పత్రి పేజీని సరిచెయ్యమని నేను రాసినదానికి జవాబు లేదు. తడుముడు ఇప్పుడు మా బ్రౌజర్‌లో ఉంది గానీ, వెతుక్కుని లోపలెక్కడో తెరుచుకుంటే తప్ప పనిచెయ్యదు. అందరికీ అవసరం లేదని మా పైవాళ్ల అభిప్రాయం. అందరికీ అవసరం లేదు నిజమే. అవసరమైనవాళ్లు దాన్ని వెతుక్కునేలోగా ఇంట్లో ఇంకెవరో వాళ్ల కాగితం చదివేసి గ్యాస్ అని చెబుతారు. ఈ ముక్క ఆఫీసులో అంటే అందరూ వేరే పని గురించి మాట్లాడుకున్నారు.

దినాలు అయిపోయి చుట్టాలు వెళ్లిపోయారు. అత్తమ్మ ఫోనుకు బాపు రోజూ చార్జింగ్ పెడుతూనే ఉన్నాడు. ఎందుకని అడిగే ధైర్యం మాకు లేదు. మొన్న మధ్యాహ్నం ఆ ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. మా ఇద్దరికీ మాటలు మళ్లీ మొదలైనా ఇంకా కొంచెం ఎడంగానే ఉంటున్నాం.

"గిదేంది బిడ్డా?"

ఆస్పత్రి నుంచి మెసేజ్. ఆఖరుసారి వెళ్లినప్పుడు ఇచ్చిన పరీక్షల రిపోర్టు ఇప్పుడు సిద్ధమైందట. ఆమె పేరు పెట్టి, మీ రిపోర్టు చూసుకోండి అని రాశారు.

ఆమె గదిలోకి వెళ్లి ల్యాప్‌టాప్ తెరిచాను. బాపు కుర్చీ తెచ్చుకుని పక్కన కూచున్నాడు. ఇయర్‌ఫోన్లు తీసేశాను, ఆయన కూడా వినాలని. ఆమె పేరు, తారీఖు దాటి ట్యాబ్ కొట్టాను. వాగుడుకాయ గదంతా వినబడేట్టు, "కొత్త రిపోర్ట్ చూడండి, బటన్" అంది. పేరుతో సహా, పొరపాటు లేకుండా. ఈ బటన్‌కు పేరు వచ్చాక ఆమె దీన్ని వినలేదు. నేను వెలుతురు పెంచాను. కీబోర్డు ఎక్కడ ఆగిందో కళ్లున్నవాళ్లకు తెలియడానికి మేం గీసే సన్నని నీలిగీత ఒకటి ఉంటుంది. అది ఆ బొమ్మ చుట్టూ వెలుగుతోంది.

"కొట్టాల్నా బాపూ?"

ఆయన ఆ గీత వైపు చూశాడు. జీవితమంతా ఆమెకంటే ముందు చదివిన మనిషి. చెయ్యి చాపి, ఎంటర్ మీద ఉన్న నా వేలిని మెల్లగా పక్కకు తీశాడు.

"వద్దు. ఆమె సదువలేదు గదా ఇంక."

ఇద్దరం అట్లాగే కూచున్నాం. మీట నొక్కితే తప్ప వాగుడుకాయ మాట్లాడదు. నీలిగీత బటన్ చుట్టూ అట్లాగే నిలబడి ఉంది, ఎవరైనా వచ్చి నొక్కుతారని.